ధర్మం పద్దు

తెల్లవారుజామున అయిదింటికి మిల్లు కూసేది. ఆ కూతతోనే మా అమ్మ పొయ్యి రాజేసేది, పాలేళ్ళు ఎడ్లకు మేత వేసేవాళ్ళు, పరీక్షల రోజుల్లో మేం లాంతరు వెలిగించుకునేవాళ్ళం. తెనాలి దగ్గర కాలవ గట్టు మీది ఊరు మాది. గోడగడియారం ఉన్న ఇళ్ళు నాలుగో అయిదో. మిగతా ఊరికంతా పెదనాన్నగారి రైసుమిల్లే గడియారం. బాయిలర్‌లో ఊక మండేది. ఆవిరి కూత వరిచేల మీదుగా పక్క ఊళ్ళ దాకా పోయేది.

మిల్లు గదిలో గుమాస్తాగారు వాలుబల్ల ముందు బాసింపట్టు వేసుకుని చిట్టా రాసేవారు. నాలుగు మూలలా పసుపు పూసిన ఎర్రబట్ట పుస్తకం. వడ్ల కొనుగోళ్ళు, ఊక, తవుడు, నూకలు, కూలీలు, కరెంటు అన్నిటికీ పద్దులున్నట్టే ‘ధర్మం’ అని ఒక పద్దుండేది. ఆడిన ప్రతి బస్తాకు ఇన్ని పైసలని ఏ రోజుకారోజు అందులో జమ పడేది. మిల్లు నష్టంలో నడిచిన ఏళ్ళలోనూ ఆ జమ ఆగలేదు. ఒకసారి గుమాస్తాగారు, “ఈ ఏడు కాస్త తగ్గిద్దామా అండీ?” అని అడిగారు. “కూలీ బాకీ తగ్గిస్తామా? ఊరి బాకీ కూడా అంతేనండీ” అన్నారు పెదనాన్నగారు. అంతకుమించి ఆ విషయం ఎప్పుడూ మాట్లాడగా నేను వినలేదు.

శ్రీరామనవమికి మిల్లు ముందు తాటాకు పందిరి లేచేది. ఇసుక తిన్నె మీద కొత్త కుండలు, వాటి చుట్టూ తడి గోనెలు, లోపల వట్టివేళ్ళు. మృగశిర కార్తె దాకా ఆ చలివేంద్రం నడిచేది. వేసవి సెలవుల్లో నీళ్ళు పోసే పని మా పిల్లలది. మొదటి రోజే పెదనాన్నగారు నా చేతిలో ముంత పెట్టి, “వంగి పొయ్యరా. తాగేవాడి దోసిలి నిండిందో లేదో చూడు, మొహం చూడకు” అన్నారు. నాకు పదేళ్ళు. మొహం చూస్తే ఎవరిదే ఇల్లో, ఎవరిదే కులమో తెలిసిపోతుందని, ధార సన్నబడుతుందని ఆయన భయం. అది నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మిల్లుకు వీధివైపు గదిలో పఠనాలయం. రెండు బెంచీలు, ఒక అద్దాల బీరువా, ఆంధ్రపత్రిక, భారతి. గోడమీద కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పటం. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టి, బొంబాయి వెళ్ళి, 1893లో అమృతాంజనం మొదలుపెట్టిన మనిషి. తలనొప్పి మందు మీద గడించినదాన్ని తెచ్చి పత్రికలకు, పుస్తకాలకు, గ్రంథాలయాలకు పోశారు. 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టిన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసులో దినపత్రికయింది. 1924లో భారతి, 1926లో ఆంధ్ర గ్రంథమాల వచ్చాయి. వ్యాపారం ఎందుకు చెయ్యాలో ఆ పటం చూస్తే తెలుస్తుందని పెదనాన్నగారి నమ్మకం.

ఆ గదికి ఇంకో కారణం మా కాలవలోనే ఉంది. 1935లో పాతూరి నాగభూషణంగారు పడవలో పుస్తకాలు పెట్టి పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య కాలవ మీద గ్రంథాలయం నడిపించారు. పడవ ఆగిన రేవల్లా చదువుకునే చోటే. అప్పటికి పెదనాన్నగారికి పన్నెండేళ్ళు. పడవొచ్చే రోజున బడి ఎగ్గొట్టి రేవు మెట్ల మీద కూర్చునేవారట. “ఆ పడవవాళ్ళు నన్ను డబ్బులడగలేదురా. ఆ బాకీ ఈ గదితో తీర్చుకుంటున్నాను” అనేవారు.

చలికాలంలో బళ్ళో కళ్ళ శిబిరం పెట్టించేవారు. డాక్టర్లు పట్నం నుంచి వచ్చేవారు. శుక్లాలు తీసిన ముసలివాళ్ళు తరగతి గదుల్లో, గడ్డి మీద పరిచిన చాపల మీద, వరసగా పడుకునేవారు. పెదనాన్నగారు ఆ రాత్రుళ్ళు ఇంటికొచ్చేవారు కాదు. లాంతరు పట్టుకుని వాళ్ళను చెయ్యిపట్టి దొడ్డివైపు నడిపించి మళ్ళీ తెచ్చి పడుకోబెట్టేవారు. కట్టు విప్పిన రోజున ఒక అవ్వ ముందుగా తన అరచేతులే చూసుకుంది. అటు తిప్పి, ఇటు తిప్పి, చాలాసేపు. ఆయన ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుని, ఆ చూడటం అయ్యేదాకా కదల్లేదు.

1977 నవంబరు 19, శనివారం. ఆ రోజు దివిసీమ మీద ఉప్పెన పడింది. మా ఊళ్ళో చెట్లు కూలాయి, కప్పులు లేచిపోయాయి. రేపల్లె వైపు, కృష్ణ అవతల దివిలో వేలమంది పోయారన్న కబురు మెల్లగా తెలిసింది. మిల్లులో ఆడటం ఆగింది. గోడౌను తలుపులు రెండూ బార్లా తీశారు. ఇంటింటా పులిహోర కలిపి విస్తరాకుల్లో పొట్లాలు కట్టారు. లారీ మీద బియ్యం బస్తాలతో పాటు పెదనాన్నగారూ ఎక్కారు. అప్పటికి పెనుమూడి, పులిగడ్డల మధ్య వంతెన లేదు. ఏరు దాటాలంటే పడవే దిక్కు. పదకొండు రోజులకు తిరిగొచ్చారు. శవాలను పూడ్చారని వెంట వెళ్ళినవాళ్ళు చెప్పారు. ఆయన మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. బావి దగ్గర కూర్చుని చేతులు కడుక్కుంటూనే ఉండిపోయారు.

సాయంత్రం గుమాస్తాగారు చిట్టా తెరిచి, “ఎన్ని బస్తాలని రాయమంటారు?” అని అడిగారు. పైసా తేడా వస్తే రాత్రంతా మేలుకునే మనిషాయన. పెదనాన్నగారు చాలాసేపటికి, “అంకె వెయ్యకండి” అన్నారు.

ఇప్పుడు మిల్లు లేదు, అక్కడ కల్యాణమండపం ఉంది. ఆంధ్రపత్రిక, భారతి 1991లో ఆగిపోయాయి. కుండలున్న చోట కూల్‌డ్రింకు కొట్టు. సాయం చేసేవాళ్ళు ఈనాడూ ఉన్నారు, వాళ్ళకు నా దణ్ణం. నాకు బెంగంతా ఆ పద్దు గురించే. కరెంటు బిల్లుకు పక్కన, కూలీల జీతాలకు పక్కన, ఊరికి కూడా రోజూ ఒక వరుస ఉండటం గురించి.

ఆ చిట్టా నా దగ్గరే ఉంది. మూలల్లో పసుపు వెలిసిపోయింది. ఉప్పెన నాటి పేజీలో ‘దివి - బియ్యం’ అని ఉంటుంది, ఎదురుగా ఖాళీ. ఆ కింది వరుసలో, మిల్లు మళ్ళీ కూసిన రోజు తారీఖు వేసి, గుమాస్తాగారి గుండ్రటి రాతలో ‘ధర్మం’ అని ఉంటుంది. దాని ఎదురుగా ఆనాటి బస్తాలు, ఆనాటి పైసలు.