బెంచీ చెప్పే మాట

'ఇక్కడ పడుకోకూడదు' అని బోర్డు పెడితే ఎవరో ఒకరు అడుగుతారు... ఎందుకని? అదే మాట బెంచీతో చెప్పిస్తే? ఎవరూ అడగరు!

లండన్‌లోని క్యామ్‌డెన్ ప్రాంతంలో 2012లో వేసిన కాంక్రీటు బెంచీలు అలాంటివే. పైభాగమంతా ఏటవాలు. కాసేపు కూర్చోవచ్చు, నడుం వాల్చలేం. 2014లో అదే నగరంలో ఖరీదైన అపార్టుమెంట్ల గుమ్మం పక్కన, ఇల్లులేనివాళ్లు పడుకునే మూలలో ఇనుప మేకులు బిగించారు. ఫొటో బయటికొచ్చింది. లక్షమందికి పైగా సంతకాలు చేశారు. మేకులు తీసేశారు. 2018లో ముంబయి ఫోర్ట్ ప్రాంతంలో ఓ బ్యాంకు ముందూ ఇవే మేకులు, ఇదే నిరసన, ఇదే ముగింపు.

మేకులు గుచ్చుకునేలా కనిపించాయి కాబట్టి జనం కదిలారు. బెంచీ మధ్యలో అడ్డంగా బిగించిన కమ్మీ ఎవరికీ కోపం తెప్పించదు. చేయి ఆనించుకోవడానికేమో అనుకుంటాం. అదెందుకో నిలువనీడ లేనివాడికి మొదటి రాత్రే అర్థమవుతుంది.

పోనీ, నష్టం అతనొక్కడికేనా? బస్టాపులో కూర్చునే చోటు తీసేసి ఏటవాలు కడ్డీకి ఆనుకోమంటే మోకాళ్లనొప్పుల మామ్మ ఏంచేస్తుంది? నెలలు నిండిన ఇల్లాలు ఎక్కడ కూలబడుతుంది? నిద్రపోయేవాణ్ని లేపడానికి చేసిన బెంచీ, అలసినవాళ్లందర్నీ లేపుతుంది.

మన పాత ఇళ్లకు వీధి అరుగులుండేవి. అందర్నీ రానిచ్చాయని చెప్పలేం. కానీ అవి ఇంటివాళ్ల సొంతం. పార్కు బెంచీ అలా కాదే... అది జనం డబ్బు! సబ్బు కొన్నా, బీడీకట్ట కొన్నా పన్ను కట్టే ఆ పడుకునేవాడి రూపాయి కూడా అందులో ఉంది.