చింతపండుతో తోమిన డబ్బు

సంక్రాంతికి వారం ముందు జగ్గయ్యపేట నుంచి మావయ్య వీడియో కాల్ చేశాడు. కెమెరా ముందు ఓ రాగి బిళ్ల పెట్టి, "ఒరేయ్, దీనికి నాలుగు లక్షలిస్తామంటున్నారు. లండన్ పార్టీ అంట. ముందు రిజిస్ట్రేషన్‌కి ఎనిమిదిన్నర వేలు కట్టాలంట. పంపేయమంటావా?" అన్నాడు.

"వద్దు మావయ్యా!" అని దాదాపు అరిచేశాను. ఆ ఏడు మిర్చికి తెగులు తగిలి కౌలు డబ్బులు కూడా రాలేదు. నాలుగు లక్షలంటే ఆయనకు అప్పుల్లోంచి బయటపడటమే. మొహం చిన్నబుచ్చుకున్నాడు. "పండక్కి వస్తున్నాగా, చూసి చెబుతా" అన్నాను.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పగలు కోడ్‌లో తప్పులు వెతుకుతాను. రాత్రిళ్లు భూతద్దం పెట్టుకుని పాత నాణేల మీద గీతలు వెతుకుతాను. నాలుగేళ్లుగా ఇదే పిచ్చి. మావయ్యకు ఆ సంగతి తెలుసు కాబట్టే ఫోన్ చేశాడు.

ఆ బిళ్ల నాకు కొత్తేం కాదు. నందిగామ దగ్గర పల్లెలో అమ్మమ్మ ట్రంకు పెట్టెలో ఉండేది. ఒకవైపు ఈస్టిండియా కంపెనీ చిహ్నం, '48 టు వన్ రూపీ' అన్న అక్షరాలు. రెండోవైపు హృదయం ఆకారంలో కంపెనీ ముద్ర, 1794 సంవత్సరం. బరువు సుమారు 13 గ్రాములు. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ దగ్గర మాథ్యూ బౌల్టన్ సోహో టంకశాలలో, ఆవిరి యంత్రాల మీద కొట్టిన నాణెం. అక్కణ్నుంచి ఓడెక్కి ఉత్తర సర్కార్లకు, అంటే మన కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి వైపుకు వచ్చింది. నలభై ఎనిమిది ఇస్తే ఒక రూపాయి. మనం ఇప్పుడు 'డబ్బు' అంటున్న మాట ఒకప్పుడు ఇలాంటి రాగి నాణేనికే పేరు. అప్పుడీ ప్రాంతానికి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు. తండ్రి జగ్గయ్య పేరు మీద జగ్గయ్యపేటను కట్టించింది ఆయనే.

పండగ రోజు మధ్యాహ్నం వసారాలో వెలుతురు చూసుకుని కూర్చున్నాను. పక్కనే మావయ్య.

రాగి నాణేన్ని చూడటంలో రెండు ప్రశ్నలుంటాయి. మొదటిది, బొమ్మ ఎంత మిగిలింది? అది చేతులు మారి, సంచుల్లో రాసుకుని పోయిన అరుగుదల. రెండోది, పైచర్మం ఎలా ఉంది? అంటే గుంతలు, గీతలు, చిలుము, ఎవరైనా తోమిన గుర్తులు. ఈ రెండూ కలిపేస్తే లెక్క తప్పుతుంది. విలియం షెల్డన్ అనే అమెరికన్ 1949లో 1 నుంచి 70 దాకా ఓ స్కేలు పెట్టాడు. అది మొదట పెట్టింది కూడా వాళ్ల పాత రాగి సెంట్ల కోసమే. రాగి నాణేలు సేకరించేవాళ్లు ముందు అరుగుదలకు ఓ నంబర్ వేసి, తర్వాత పైచర్మం లోపాలకు కోతలు వేసి, చివరి గ్రేడ్ చెబుతారు.

మా నాణెం మీద సంవత్సరం స్పష్టంగా ఉంది, అక్షరాలన్నీ చదవొచ్చు. అరుగుదల వరకే అయితే 'వెరీ ఫైన్ 20' ఇవ్వొచ్చు. అంచు దగ్గర ఆకుపచ్చ చిలుము ఉంది. టూత్‌పిక్‌తో మెల్లగా తాకి చూశా. పొడిలా రాలితే ప్రమాదం. లోపల క్లోరైడ్ చేరి, తేమ తగిలినప్పుడల్లా నాణేన్ని తినేస్తుంది. ఇది గట్టిగానే ఉంది. పర్లేదు.

తర్వాత భూతద్దం పెట్టాను. బొమ్మ పల్లాల్లో సన్నటి గీతలు, అన్నీ గుండ్రంగా. రంగు కూడా రాగి వయసుతో వచ్చే ముదురు గోధుమ రంగు కాదు, మచ్చలు మచ్చలుగా గులాబీ ఛాయ. చూడగానే నా చేతులు ఆగిపోయాయి.

అవి నా గీతలే. నేను ఐదో తరగతి. వేసవి సెలవుల్లో అమ్మమ్మ పెరట్లో రాగి చెంబులు తోముతుంటే, పక్కన కూర్చుని ఈ బిళ్లను చింతపండు, బూడిద పెట్టి అరగంట రుద్దాను. చింతపండులోని ఆమ్లం రాగి మీద రెండు వందల ఏళ్లుగా కట్టిన పొరను కరిగించేసింది. మిగిలింది బూడిద గీకేసింది. ఆ పొర మురికి కాదు, రాగికి అదే కాపలా. ఒకసారి పోతే మళ్లీ అలా రాదు.

మావయ్యకు అరుగుదల సంగతి చెప్పి ఊరుకుంటే సరిపోయేది. ఆయనకు తేడా తెలీదు. కానీ చెప్పేశాను. "ఇరవై రావాల్సింది మావయ్యా, తోమినందుకు ఎనిమిదికి దిగింది. ఆ గ్రేడ్ పేరు 'వెరీ గుడ్'. పేరే గానీ అది కింది మెట్టే. తోమింది నేనే. తోమకపోయినా లక్షలు వచ్చేవి కాదు, వేలల్లో ఉండేది. ఇప్పుడు వందల్లో."

లండన్ పార్టీ సంగతి కూడా విప్పి చెప్పాను. వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు, దేశం దాటించి అమ్మడం కుదరదు. ఆ వాట్సాప్ కాగితం మీద రిజర్వ్ బ్యాంక్ ముద్ర ఉంది. పాత నాణేల అమ్మకాలతో తమకు సంబంధం లేదని, ఫీజులు అడగమని, తమ పేరుతో మోసాలు జరుగుతున్నాయని రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టు 4నే ప్రకటించింది.

మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నవ్వాడు. "మన ధనంబోడు కొండ మీద దొరికిన శిల్పంలో చక్రవర్తి చెయ్యెత్తితే మబ్బుల్లోంచి నాణేల వాన కురుస్తుందంటగా. ఆ రాయిని చెన్నై మ్యూజియానికి పట్టుకుపోయారు. మనకి వాన పడలేదంతే."

నాణేన్ని డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, పూర్తిగా ఆరనిచ్చి, కాగితం కవర్లో పెట్టి ఇచ్చాను. మామూలు పీవీసీ కవరైతే అదే కొత్తగా పచ్చ జిగురు పట్టిస్తుంది. అప్పు ఎలాగన్నది తర్వాత అమ్మా, మావయ్యా, నేనూ కూర్చుని మాట్లాడుకున్నాం. నాణెం అమ్మాలన్న మాట మళ్లీ రాలేదు.

బయల్దేరేటప్పుడు మావయ్య బస్టాండు దాకా వచ్చాడు. "ఆ రోజు నువ్వు తోమి చూపిస్తే మీ అమ్మమ్మ వీధంతా తిప్పి చూపించిందిరా, మా మనవడు బంగారం చేశాడని. దానికేం నంబర్ వేస్తావు?" అన్నాడు.

బస్సు నందిగామ దాటేదాకా నాకేం తోచలేదు.