డ్రయర్ వెనక దూది

దీపావళి వెళ్ళిన దగ్గర్నుంచీ మా డ్రయర్ మొరాయిస్తోంది. తువ్వాళ్ళు ఒక వాయికి ఆరడం లేదు, రెండో వాయి తిప్పాల్సిందే. మా వారు "కొత్తది కొనేద్దాం" అన్నారు. ఆయనకి అన్ని రోగాలకీ అదే మందు. రాజమండ్రి నుంచి వచ్చి ఉన్న అత్తయ్యగారు "పెరట్లో దండెం కట్టమ్మా, ఎండ ఉందిగా" అన్నారు. న్యూజెర్సీలో డిసెంబరు ఎండ చూసుకోవడానికే తప్ప దేనికీ పనికిరాదు. పైగా మా కాలనీలో దండేలు కట్టనివ్వరు.

రాత్రి గిన్నెల పని అయ్యాక బట్టలు అందులో పడేసి, మీట నొక్కి వెళ్ళి పడుకోవడం నా అలవాటు. గోడకి అవతల మా అమ్మాయి గది. ఆ చప్పుడు వింటే నిద్ర పడుతుందనేది.

ఓ రోజు లాండ్రీ గది కిటికీ అద్దానికి చెమట పట్టి కనిపించింది. బయటికి పోవాల్సిన ఆవిరి ఇంట్లో ఎందుకుందబ్బా అనుకున్నాను.

శనివారం ప్లగ్గు పీకి యంత్రాన్ని ముందుకి లాగాం. (మాది కరెంటుది. గ్యాసుదైతే నేను ముట్టుకునేదాన్నే కాదు, మనిషిని పిలిచేదాన్ని.) లాగడం ఆయన వంతు, చెయ్యి పెట్టడం నా వంతు. వెనక పల్చటి రేకు కాగితం లాంటి గొట్టం గోడకి నొక్కుకుపోయి అప్పడంలా ఉంది. అతుకు దగ్గర ఎవరో చుట్టిన బూడిదరంగు గుడ్డ టేపు ఊడి వేలాడుతోంది. పేరులో డక్ట్ ఉన్నా ఈ డక్టుకి అది పనికిరాదట, వేడికి జిగురు ఎండిపోతుందట. గోడంతా బూడిదరంగు దూది. వాయి వాయికీ జల్లెడ దులుపుతున్నాను కదా అని ఇన్నాళ్ళూ నా ధీమా! జల్లెడ ఆపేది కొంతే, మిగిలింది గొట్టంలోకే పోతుంది.

పొడుగాటి కర్రల బ్రష్షు తెచ్చి గోడలోని దారంతా తోడితే కిరాణా సంచి నిండింది. అత్తయ్యగారు వదల్లేదు. "ఇంత మెత్తటి దూది పారేస్తారా? వత్తులకొస్తుంది" అని చిటికెడు తీసి అరచేతిలో నలిపారు. సరదాకి సింకులో పెట్టి అగ్గిపుల్ల గీశాను. వత్తిలా నిలిచి వెలగలేదు. భగ్గుమని ఒక్క క్షణంలో మాయమైంది.

ముగ్గురం కాసేపు మాట్లాడలేదు. నేను గోడ వైపే చూస్తూ ఉండిపోయాను.

ఆ మధ్యాహ్నమే నాలుగంగుళాల గట్టి అల్యూమినియం గొట్టం తెచ్చాం, ఎంత పొట్టిగా సరిపోతే అంత, మెలికలు లేకుండా. రెండు కొసలా క్లాంపులు బిగించి, అతుకుల మీద అల్యూమినియం రేకు టేపు అంటించాను. స్క్రూలు కొడతానన్నారు మా వారు. లోపలికి పొడుచుకొచ్చిన ప్రతి మొన మీదా మళ్ళీ దూది చిక్కుకుంటుందని వద్దన్నాను. బయట గోడకీ మూతకీ మధ్య వేలు పట్టేంత సందు, చలిగాలి అందులోంచే. దాన్ని సీలెంటుతో పూడ్చాం. పనిలో పనిగా ఆయన మూత రెక్కకీ పూయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. అది తెరుచుకోకపోతే ఇంత చాకిరీ దేనికి? పిట్టలు దూరతాయని జాలీ కొట్టడమూ తప్పే, దూదంతా దానికే పట్టుకుంటుంది.

ఇప్పుడు తువ్వాళ్ళు నలభై అయిదు నిమిషాల్లో ఆరుతున్నాయి. రాత్రి వేసి పడుకోవడం మానేశాను. పగలే, నేను ఇంట్లో మెలకువగా ఉన్నప్పుడే. చప్పుడు లేక నిద్ర పట్టడం లేదని మా అమ్మాయి రెండ్రోజులు సణిగింది.

మొన్న వాయి వేసి, బయట రెక్క తెరుచుకుందో లేదో చూద్దామని వెళ్తే, శాలువా కప్పుకుని అత్తయ్యగారు అప్పటికే అక్కడ ఉన్నారు. సబ్బు వాసన వేస్తున్న వెచ్చటి గాలికి రెండు చేతులూ చాపి, కుంపటి దగ్గర కాచుకుంటున్నట్టు.