ఆడుకోండి, రోమన్లారా!

రోమన్ సామ్రాజ్యం తన ప్రజలతో ఏం మాట్లాడిందో తెలుసుకోవడానికి చరిత్రకారులు విజయతోరణాలను, స్తంభాలను చూస్తారు. వాళ్ళు జూదమాడిన పలకలు అంతకంటే ఎక్కువ చెబుతాయని నా అభిప్రాయం.

'పన్నెండు గీతల ఆట' అని పిలిచిన ఆ పందెపుటాటలో మూడు వరుసలు, మొత్తం 36 గళ్ళు, మూడు పాచికలు. గళ్ళకు బదులు అక్షరాలు చెక్కడం వాళ్ళ ముచ్చట. ఆరేసి అక్షరాల మాటలు ఆరు పేర్చితే ఒక వాక్యమూ అవుతుంది, ఒక పలకా అవుతుంది. ఆట చేతకాని మూఢుణ్ణి లేచి చోటిమ్మని గద్దించే పలక ఒకటుంది. అల్జీరియాలోని టిమ్‌గాద్ పలక వేట, స్నానం, ఆట, నవ్వు, ఇదే బ్రతుకంటుంది. మరొకటి పార్థియన్లు హతులయ్యారు, బ్రిటన్ వాడు ఓడాడు, ఇక ఆడుకోండి రోమన్లారా అంటుంది. జర్మనీలో 1985లో ఒక పాచికల గోపురం దొరికింది. పైన వేసిన పాచికలు లోపలి పలకలకు తగిలి దొర్లుతూ కిందికి వస్తాయి, చేతివాటం సాగదు. దానిమీద కూడా పిక్టులు ఓడారని, నిశ్చింతగా ఆడుకోవచ్చని ఉంది. మోసం జరగకూడదని చేసిన పరికరం యుద్ధవార్తను మాత్రం ప్రశ్నించకుండా మోసింది. రాజ్యం గోడమీద రాయించే నినాదం కంటే, జనం తమ వినోదవస్తువుమీద తామే చెక్కించుకునే నినాదం ప్రమాదకరం.

ఇంతకూ ఆ జూదం చట్టరీత్యా నిషిద్ధం. డిసెంబరులో శాటర్నేలియా పండుగ రోజులకు మినహాయింపు. నిషేధం పాలితులకే కాబోలు, అగస్టస్ పాచికల ప్రియుడు. క్లాడియస్ ఏకంగా ఈ ఆటపై పుస్తకం రాశాడనీ, ప్రయాణంలో పావులు చెదరకుండా రథానికి పలక బిగించుకున్నాడనీ సూటోనియస్ చెబుతాడు.

పన్నెండు గీతల ఆటే కాలక్రమంలో 'తబులా' అయింది. వరుసలు రెండే, గళ్ళు 24. ఒక్కొక్కరికి 15 పావులు, అందరూ ఒకే దిశలో నడుస్తారు. మూడు పాచికలు వేసి, పడ్డ అంకెలను మూడు పావులకు పంచవచ్చు, ఒక్కదానికే కలిపి వాడవచ్చు. ఒక గడిలో మీవి రెండో అంతకుమించో ఉంటే అది కోట, ఎదుటివాడు అందులో దిగలేడు. ఒంటరిగా ఉన్నదాన్ని కొడితే అది మొదటినుంచి రావాలి. అష్టాచెమ్మా ఆడినవారికి ఇందులో వింతేమీ లేదు. అసలు కీలకం మరో నియమంలో ఉంది: కదలిక సాధ్యమైతే కదలాల్సిందే. వద్దనుకుని ఊరుకునే హక్కు లేదు.

ఈ నియమానికి బలైనవాడు జీనో చక్రవర్తి. ఏడు పావులు ఒక గడిలో, మూడు జంటలు, రెండు ఒంటరివి. పాచికలు 2, 5, 6 పడ్డాయి. ఏడింటి గుంపు ముందున్న దారులను ప్రత్యర్థి మూసేశాడు. మిగిలింది మూడు జంటలనూ విడదీయడమే. ఒక్క ఎత్తుతో ఎనిమిది పావులు ఒంటరివై శత్రువు ముందు నిలిచాయి. 475లో సింహాసనం పోగొట్టుకుని మరుసటి ఏడు తిరిగి సంపాదించినవాడికి, తిరుగుబాట్లను దాటినవాడికి, ఈ పలకమీద మాత్రం తప్పించుకునే సందు దొరకలేదు.

ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసులో 1967లో మన సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆట అంది. జీనో ఓటమిని ఏ పద్దులో వేయాలి? నైపుణ్యం కోటలు కట్టేదాకానే పనికొచ్చింది. ఏ నాయకుడు వెనక్కి తగ్గినా దాన్ని వ్యూహమని రాసే మా వృత్తివాళ్ళకు, పావులు ఎక్కడున్నాయో ముందు లెక్కపెట్టే అలవాటు తక్కువ.

ఆరో శతాబ్దపు కవి అగాథియాస్ ఆ స్థితిని పద్యంలో గడిగడికీ నమోదు చేశాడు. నేను ఒక సాయంత్రం అట్టముక్కమీద 24 గళ్ళు గీసి, ఆ ప్రకారమే పావులు పేర్చి, ఇంకో దారి కోసం చాలాసేపు వెతికాను. లేదు.