కొండెక్కిన రాళ్లు

నాగార్జునకొండ గురించి ఏదైనా కొత్తగా రాయమన్నారు ఎడిటర్ గారు. కొత్తగా ఏముంటుంది? ఇక్ష్వాకుల విజయపురి, విహారాలు, తవ్వకాలు, చివరికి సాగర్ నీళ్లు. బడిపిల్లలకూ తెలిసిన వరసే. అయితే విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కాక నా పక్కన దుర్గి శిల్పి ఒకాయన, ఆచారిగారు, కూర్చున్నారు. మ్యూజియంలో ఆ రోజు నేను చూసిందంతా ఆయన చేతుల వెంటే.

ముట్టుకోకూడదని తెలుసు కాబట్టి చేతులు వెనక్కి కట్టుకునే లోపలికొచ్చారు. పొడుగాటి ఫలకం ఒకటి కనబడగానే అవి వాటంతటవే ముందుకొచ్చేశాయి. రాతికి జానెడు దూరంలో, గాల్లో, ఎడమచేతి వేళ్లు ఉలి పట్టినట్టు ముడుచుకున్నాయి. కుడిచెయ్యి లేని సుత్తితో తడుతోంది. బుద్ధుడి కథలో ఒక ఘట్టానికీ మరో ఘట్టానికీ నడుమ ఒక జంటను నిలబెట్టడం ఇక్కడి శిల్పుల అలవాటు. అందరం బుద్ధుణ్ణి వెతుక్కుంటాం. ఆచారిగారు ఆ జంట దగ్గరే ఆగిపోయారు.

"ఈ అమ్మాయి మోచెయ్యి చూడండి బాబూ. ముందు చుట్టూ రాయి తియ్యాలి, చెయ్యి ఆఖర్న. తొందరపడితే పుటుక్కున విరుగుద్ది. వీడు తొందరపడలా."

వీడు! 1,700 ఏళ్ల కిందటి మనిషిని పక్క షెడ్డులో పనివాడి లెక్కన మాట్లాడుతున్నారు. రాయి ఎక్కడిదని అడిగాను. "మన పల్నాటి సున్నపురాయేగా. ఇప్పుడు కాల్చుకుంటున్నారు." పిడుగురాళ్లలో సున్నం బట్టీలు, చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు. దుర్గి శిల్పాలకు జీఐ గుర్తింపు వచ్చింది నిజమే. "కాగితం వచ్చింది, మంచి పలకే దొరకట్లా" అన్నారాయన.

నా చిరాకు మాత్రం ఇంకో కాగితం మీద. 1926లో బయటపడ్డ ఈ లోయను, ఆనకట్ట కడతారని తేలాక, 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో గబగబా తవ్వారు. కొన్ని కట్టడాలను విప్పి కొండ మీదా, అనుపులోనూ మళ్లీ పేర్చారు. 1966లో మ్యూజియం తెరిచారు. అంతవరకు శభాష్ అనాల్సిందే. తీరా ఆ తవ్వకాల నివేదిక మొదటి సంపుటం వచ్చింది 1975లో. విహారాలు, స్తూపాలు, శిల్పాలు ఉన్న చారిత్రక యుగపు సంపుటం 2006లో! నేల నీళ్ల కింద ఉంది; ఏ రాయి ఎక్కడ ఏ పొరలో దొరికిందో చెప్పగలిగింది ఆ పుస్తకమొక్కటే. తవ్వకంలో తట్ట మోసిన పాతికేళ్ల కుర్రాడు అది చూడాలంటే డెబ్బై దాటాలి. ఊరిని ముంచడానికి గడువు పెట్టుకున్న మనం, ఊరి లెక్క రాయడానికి పెట్టుకోలేదు.

ఆ పుస్తకం రాసేటప్పుడు దుర్గి నుంచి ఒక్క ముసలాయన్ని పిలిచి ఈ ఫలకం ముందు గంటసేపు నిలబెట్టి ఉంటే? మోచెయ్యి ఆఖర్న చెక్కాలన్న సంగతి శాసనాల్లో దొరకదు.

"సాగర్ కట్టకి మా నాన్న రాయి కొట్టాడు" అన్నారు తిరుగు లాంచీలో. రాతి ఆనకట్ట కదా, వేల ఉలులు తిన్న పని అది. ఉలి పనివాళ్ల ఊరిని ముంచిన గోడకు మళ్లీ వాళ్లే కావాల్సి వచ్చారు. ఆ మాటంటే ఆయన పెద్దగా పట్టించుకోలేదు. "కూలి బానే ఇచ్చార్లే."

అనుపు కూడా చూద్దాం రమ్మన్నాను. కుదరదన్నారు. సోమవారానికి ఒక గుడికి నందిని అప్పజెప్పాలట, చెవుల పని ఇంకా మొదలెట్టనే లేదట.