మంచం కింది క్రాంకు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగారు. ఏం రాయాలా అని ఆలోచిస్తే మా ఇంట్లో మంచం కింద గుడ్డలో చుట్టి ఉన్న రెండు ఇనుప ముక్కలు గుర్తుకొచ్చాయి. అవి మా నాయన నడిపిన పద్మిని కారు క్రాంక్ షాఫ్టు. మేమిద్దరం అన్నదమ్ములం ఈ హాస్టల్లోనే చదువుకున్నాం. అయినా ఆ ముక్కల సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పలేదు.

మాది మంఖాల్. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైనప్పుడు, ఇక కిరాయిలకు కొదవ ఉండదని నాయన అనుకున్నాడు. కొత్త బండికి పైసలు లేవు. అప్పు చేసి పాత పద్మిని కొన్నాడు. ఒకప్పటి ఫియట్ 1100 కారే మన దేశంలో పద్మిని అయింది. ఇంజను 1089 సీసీ, నాలుగు సిలిండర్లు. తుక్కుగూడ, మహేశ్వరం, శంషాబాద్... పెళ్లిళ్లకైనా, కాన్పులకైనా అదే బండి. సెలవులకు మా ట్రంకు పెట్టెలు ఇంటికి మోసిందీ అదే.

2013లో ఇంజను బోరుకొచ్చింది. పట్నంలో ఒక షాపులో క్రాంకు గ్రైండింగ్ చేయించి, కొత్త బేరింగులు వేయించాడు. ఏడాది తిరక్కముందే కింది నుంచి గుడగుడమని చప్పుడు మొదలైంది. బండి నిలబెట్టినప్పుడు ఆయిల్ లైటు మినుకుమినుకుమనేది. "ఈ ముహూర్తాలు అయిపోనీ బిడ్డా, ఇంజను ఇప్పిస్త" అన్నాడు. 2014 ఎండాకాలంలో పెళ్లివాళ్లను ఆరుగురిని ఎక్కించుకుని మిట్ట ఎక్కుతుంటే ధడేల్‌మని బండి ఆగిపోయింది. ఇప్పి చూస్తే క్రాంకు రెండు ముక్కలు, ఇంజను బ్లాకు కూడా పగిలింది. బండి తుక్కు కింద పోయింది. అప్పు తీరేదాకా నాలుగేళ్లు నాయన గోదాముల్లో మూటలు మోశాడు. "ఆరుగురిని ఎక్కించి నేనే ఇరగ్గొట్టిన" అని ఎప్పుడూ అనేవాడు. మేమూ అదే నిజమనుకున్నాం.

తర్వాత మాలో చిన్నవాడు ఐటీఐ చేసి షెడ్డులో చేరాడు. పెద్దవాడు ఎంటెక్‌కు వచ్చాడు. ఒకరోజు క్లాసులో వోలర్ అనే జర్మన్ ఇంజనీరు గురించి పాఠం జరిగింది. 1850, 60లలో రైలు ఇరుసులు ఎందుకు విరుగుతున్నాయో పరీక్షలు చేసి చూసినవాడు ఆయన. ఒక్కసారికి ఏమీ కాని బరువే లక్షలసార్లు పడితే ఇనుము అలసిపోయి పగులుతుందని తేల్చాడు. తెర మీద విరిగిన ఇరుసు ఫోటో చూపించారు. అది అచ్చం మంచం కింది ముక్కలాగే ఉంది!

ఆ ఆదివారమే ఇద్దరం ఇంటికి పోయి గుడ్డ విప్పాం. నాయన ఆయిల్ రాసి దాచాడు కాబట్టి తుప్పు పట్టలేదు. విరిగినచోట ముప్పాతిక భాగం నున్నగా, నల్లగా ఉంది. దాని మీద చెరువు నీళ్లు తగ్గేటప్పుడు గట్టున పడే గీతల్లాంటి గీతలు. మిగిలిన పావు భాగమే గరుకుగా ఉంది. అంటే పగులు కొన్ని నెలలుగా లోపలికి నడుస్తూనే ఉంది. మిట్ట మీద విరిగింది ఆ పావు భాగమే. పగులు ఎక్కడ మొదలైందో చూస్తే, గ్రైండింగ్ చేసిన జర్నలు పక్క గోడను కలిసే మూల దగ్గర. ఆ మూల గుండ్రంగా ఉండాలి. షాపుల్లో దాన్నే రేడియస్ అంటారు. మా క్రాంకుకు ఆ మూల కత్తితో కోసినట్టు ఉంది. ఒత్తిడంతా అక్కడికే చేరుతుంది.

ఈ పాత ఇంజన్లలో క్రాంకును మోసే మెయిన్ బేరింగులు మూడే. ఇప్పటి నాలుగు సిలిండర్ల కార్లలో ఐదు ఉంటాయి. నిమిషానికి 3000 చుట్లు తిరిగితే క్రాంకు మీద 6000 దెబ్బలు పడతాయి. ప్రతి దెబ్బకూ అది వెంట్రుకవాసి వంగి లేస్తుంది. అందుకే పాత బండి ఉన్నవాళ్లకు మా షెడ్డు ఉస్తాద్ చెప్పే మాటలు ఇక్కడ రాస్తున్నాం. గ్రైండింగ్‌కు ముందే పగులు ఉందేమో చూడాలి. మాగ్నెట్ పరీక్ష దొరక్కపోతే కిరోసిన్ రాసి, తుడిచి, సుద్దపొడి చల్లితే పగులు ఉన్నచోట తడి గీత పడుతుంది. గ్రైండింగ్ అయ్యాక రేడియస్ వేలితో తడిమి చూడాలి. ఆయిల్ దారుల్లో బురద, రజను లేకుండా కడగాలి. బేరింగు క్యాపులు ఒకదాని చోట ఒకటి పెట్టకూడదు. బోల్టులు టార్క్ రెంచితోనే బిగించాలి. చల్లటి ఇంజనును రేజ్ చేయొద్దు, టాప్ గేరులో ఈడుస్తూ మిట్ట ఎక్కొద్దు. ఆయిల్ లైటు వెలిగితే ఆ క్షణమే బండి ఆపాలి.

ఇదంతా నాయనకు చెప్పాం. ఆయన చాలాసేపు ఆ గీతల మీద వేలు పెట్టి చూశాడు. "మరి లైటు ఎలిగిననాడే ఆపితే?" అని అడిగాడు. అబద్ధం చెప్పలేకపోయాం. క్రాంకు ఎట్లాగూ పోయేది గానీ ఇంజను, బండి మిగిలేవన్నాం. "అయితే సగం తప్పే నాది" అని నవ్వాడు. ఆ సంగతి మీద నాయన నవ్వడం అదే మొదటిసారి.

తమ్ముళ్లారా, ఏదైనా విరిగితే ముందు మనల్నే తిట్టుకుంటాం. తిట్టుకునే ముందు విరిగిన ముక్కను ఒకసారి వెలుతురులో పెట్టి చూడండి. మంఖాల్ వస్తే మా ముక్కలూ చూపిస్తాం. అవి ఇప్పుడు మంచం కింద లేవు, కిటికీలో ఉన్నాయి.