కొండ కడుపులో యుద్ధం

ఇటలీలోని లగాజువోయి శిఖరం పైకెక్కితే ఆల్ప్స్ అందాలను చూపిస్తుంది. లోపలికి దిగితే మాత్రం వందేళ్లనాటి యుద్ధాన్ని చూపిస్తుంది. రెండూ ఒకే పూటలో!

ఉత్తర ఇటలీలోని డోలమైట్స్ పర్వతాల్లో ఉందీ శిఖరం. 1956లోనూ 2026లోనూ శీతాకాల ఒలింపిక్స్‌కు వేదికైన కోర్టినా పట్టణం నుంచి ఘాట్‌రోడ్డు మీద వెళ్తే 2,105 మీటర్ల ఎత్తున ఫాల్జారెగో కనుమ వస్తుంది. నడక అక్కడి నుంచే. శిఖరం ఎత్తు 2,778 మీటర్లు. అలిపిరి నుంచి తిరుమలకు నడిచిన అలవాటున్నవాళ్లకి ఈ ఎక్కుడు మరీ కష్టమేం కాదు. కాకపోతే ఇక్కడ మెట్లుండవు, నీడా ఉండదు. అంతా రాళ్లూ కంకరే. గాలి కూడా కాస్త పలచన. నింపాదిగా నడిచినా రెండున్నర గంటల్లో పైకి చేరొచ్చు. అంత ఓపిక లేకపోతే రోప్‌వే ఉంది.

శిఖరానికి కొంచెం కింద, 2,752 మీటర్ల దగ్గర ఓ విశ్రాంతి గృహం ఉంది. అక్కడ వేడివేడిగా సూప్ తాగి, మరో పావుగంట నడిస్తే శిలువ ఉన్న కొన వస్తుంది. ఎదురుగా తోఫానా, దూరంగా హిమానీనదాన్ని మోస్తున్న మార్మోలాడా... ఎటు చూసినా రాతి గోపురాలే. కోట్ల ఏళ్ల కిందట ఇదంతా సముద్రమంటే నమ్మబుద్ధి కాదు. 2009లో యునెస్కో ఈ పర్వతాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

పైనొకరు... కిందొకరు!

మొదటి ప్రపంచయుద్ధంలో, 1915 మేలో ఇటలీ ఆస్ట్రియా-హంగరీ మీద యుద్ధం ప్రకటించింది. ఆ యుద్ధరేఖ సరిగ్గా ఈ కొండ మీదుగానే వెళ్లింది. శిఖరం ఆస్ట్రియా సైనికులది. కొండ మధ్యలో ఉన్న ఇరుకు అంచు ఇటలీ పర్వతదళానిది. తుపాకులతో ఒకరినొకరు కదిలించలేక ఇద్దరూ కొండను తొలిచేశారు. ఎదుటివాళ్ల కాళ్ల కిందే మందుగుండు పేర్చి పేల్చారు. 1917 జూన్ 20న ఇటలీవాళ్లు పేల్చిన మందుగుండు సుమారు 33 టన్నులు! కొండ ఆకారమే మారిపోయింది కానీ శిఖరం మాత్రం దక్కలేదు. ఆ ఏడాది చివర్లో వేరేచోట ఓడిపోవడంతో వాళ్లు ఈ కొండనే వదిలి వెళ్లిపోయారు.

ఈ పర్వతాల్లో తూటాలే కాదు, మంచూ ప్రాణాలు తీసింది. 1916 డిసెంబరు 13న మార్మోలాడా మీద విరిగిపడిన మంచుచరియలు రెండొందల మందికి పైగా సైనికుల్ని బలితీసుకున్నాయి.

ఇటలీవాళ్లు తవ్విన కిలోమీటరు పైచిలుకు సొరంగం నేడు ఆరుబయటి మ్యూజియంలో భాగం. తిరుగు ప్రయాణం అందులోంచే. లోపల చిమ్మచీకటి, తడిసిన నిటారు మెట్లు, పట్టుకోవడానికి ఇనుపతాడు. సైనికులు తలదాచుకున్న గదులూ తుపాకులు పెట్టిన కిటికీలూ అలాగే ఉన్నాయి. ఆ కిటికీలోంచి చూస్తే కింద కనుమ, రోడ్డు మీద చీమల్లా కార్లు. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు చలికాలమంతా ఇక్కడే గడిపారన్న సంగతి గుర్తొస్తే ఫొటో తీయబోయిన చెయ్యి ఓ క్షణం ఆగిపోతుంది.

వెళ్లాలంటే...

దగ్గరి పెద్ద విమానాశ్రయం వెనిస్. అక్కడి నుంచి బస్సులో కోర్టినాకు వెళ్లొచ్చు. నడకకు జులై నుంచి సెప్టెంబరు వరకూ అనుకూలం. మధ్యాహ్నాలు ఉరుముల వానలొస్తాయి కాబట్టి ఉదయమే బయల్దేరడం మేలు. హెల్మెట్, తలకు కట్టుకునే టార్చి, పట్టున్న బూట్లు, ఎండాకాలమైనా ఓ స్వెట్టర్ తప్పనిసరి. చిన్నపిల్లలతో వెళ్తే సొరంగంలోకి దిగకుండా రోప్‌వేలో కిందికి రావడమే క్షేమం.